వంకాయ మీద పెట్టిన నేరం

“అమ్మ మళ్ళ తిన్నది” అన్నాడు మా అన్న ఫోనులో. గొలుసు దొంగ దొరికాడని పోలీసు చెప్పినంత ధీమాగా చెప్పాడు.

“ఏం తిన్నది?” అన్నాను.

“ఏముంటది? వంకాయ. మూతి సూడాలె నువ్వు. ఇంత లావు వాసింది.”

“తింటుంటె సూసినవా?”

“సూసుడెందుకు చెల్లె? మూతే చెప్తున్నది గదా.”

ఇదీ మా అన్న తెలివి. మిర్యాలగూడలో ఒక రైసు మిల్లులో సూపర్‌వైజరు ఆయన. వడ్లగింజను పంటి కింద పెట్టి నొక్కి తేమ ఎంతుందో చెప్పేస్తాడు. బస్తాలో తాలు కలిపి తెచ్చిన వాడిని లారీ దిగకముందే పట్టేస్తాడు. ఆ తెలివంతా ఇంటికి వచ్చేటప్పుడు గుమ్మం బయట చెప్పులతో పాటు విడిచేసి వస్తాడు. కన్నతల్లి పెదవులు వాచిపోతే ఎందుకు వాచాయని అడగడు, ఏం దొంగతనంగా తిన్నావని అడుగుతాడు.

నేను కోదాడలో ఉంటాను. చిలుకూరు దగ్గర ప్రభుత్వ పాఠశాలలో తెలుగు చెబుతాను. మా అమ్మ త్రిపురారం చుట్టుపక్కల పొలాల్లో నాట్లు వేసి, కలుపులు తీసి మా ఇద్దరినీ చదివించిన మనిషి. నడుము వంగి పని చేయలేని రోజు వచ్చాక అన్న దగ్గరికి చేరింది. అక్కడే ఒకరోజు తల తిరుగుతోందంటే వీధి చివర ఉన్న ఆర్‌ఎంపీకి చూపించారు. ఆయన చేతికి పట్టీ చుట్టి, గాలి కొట్టి, బీపీ ఉందన్నాడు. రోజూ పొద్దున ఒకటి వేసుకోవాలని పసుపు రంగు గోలీలు ఇచ్చాడు. గొడవంతా ఆ గోలీతోనే మొదలైంది. కానీ ఆ మాట అనుకోవడానికి మా ఇంటిల్లిపాదికీ ఎనిమిది నెలలు పట్టింది. ఇంటిల్లిపాది అని మర్యాదకు అన్నాను. మా అన్న ఇప్పటికీ అనుకోలేదు.

ఆ ఆర్‌ఎంపీ గురించి కొంచెం చెప్పాలి. ఎక్కడ చదివాడో, ఏం చదివాడో ఎవరికీ తెలియదు. ‘డాక్టర్ సాబ్’ అంటే తప్ప తల ఎత్తడు. గోలీల అట్టలను కత్తెరతో ముక్కలు చేసి, పాత పేపరులో పొట్లం కట్టి ఇస్తాడు. ఏ మందో, ఏ కంపెనీదో తీసుకున్నవాడికి తెలియదు, అడగడు కూడా. మావాళ్ళు మందులను రంగును బట్టి పిలుస్తారు. నొప్పులకు ఎర్ర గోలీ, గ్యాసుకు గులాబీ గోలీ, బీపీకి పసుపు గోలీ. నేనోసారి అమ్మతో వెళ్ళినప్పుడు ఒక పెద్దాయన తెల్ల గోలీల పొట్లం తిరిగి బల్ల మీద పెట్టాడు. “గీ సుద్ద ముక్కలు నాకెందుకు సారూ, జర కలర్ ఉన్నయి ఇయ్యి” అన్నాడు. ఆర్‌ఎంపీ మారు మాట్లాడకుండా నారింజ రంగువి ఇచ్చి పంపాడు. పైగా నా వైపు తిరిగి, “మన జనానికి కలర్ ఉంటెనే నమ్మకం టీచరమ్మా. తెల్లది ఇస్తె రోగం బెదరదు” అని నవ్వాడు. రోగం బెదరడమట! ఈయన ఇచ్చేది మందో, హోలీ రంగో నాకు అర్థం కాలేదు.

గోలీలు మొదలుపెట్టిన కొద్దిరోజులకు అమ్మ చేతుల మీద, మెడ మీద దద్దుర్లు లేచాయి. ఆర్‌ఎంపీ దగ్గరికి తీసుకుపోయారు. ఆయన అడిగిన మొదటి ప్రశ్న, “నిన్న ఏం తిన్నవమ్మా?”

మా అమ్మకు అబద్ధం రాదు. “వంకాయ కూర” అన్నది.

“అద్గదీ!” అని తొడ చరిచాడట ఆ మహానుభావుడు. వంకాయ బంద్. దురదకు ఒక గోలీ. అది కూడా పసుపే, కాకపోతే కొంచెం చిన్నది.

వంకాయ మానేసినా దద్దుర్లు తగ్గలేదు. అయితే గోంగూర అన్నారు. అదీ మానేసింది. గుడ్డు, చేప, శనగపిండి, పల్లీలు, టమాట, చివరికి కందిపప్పు కూడా పోయింది. మిరియాల చారు, పెసరకట్టు, పాలన్నం మిగిలాయి. మావాళ్ళకు పథ్యం అంటే అంత గురి. గోలీ ఏదైనా సరే, పథ్యం గట్టిగా ఉంటే రోగం పోయినట్టే. రోగం పోకపోతే పథ్యం తప్పినట్టే. ఇందులో మందుకు ఎన్నడూ తప్పు రాదు, ఇచ్చినవాడికి అసలే రాదు. నింద అంతా తినేవాళ్ళ నోటికే.

మధ్యలో ఒకసారి అన్న అమ్మను సూర్యాపేటలో పేరున్న డాక్టరు దగ్గరికి కూడా తీసుకుపోయాడు. పొద్దున పోతే మధ్యాహ్నం లోపలికి పిలిచారు. ఆయన అమ్మ చేతులు చూసి, “ఏం తిన్నారు?” అన్నాడు. అంత చదువు చదివి ఆయనా అదే అడిగాడు. చీటీ మీద ‘ఫుడ్ అలర్జీ’ అని రాసి, ఇంకో గోలీ కలిపాడు. దాని రంగు నారింజ.

తినేవన్నీ తీసేశాక కూడా ఒంటి మీద దద్దుర్లు లేస్తుంటే, తలలో గుజ్జున్న వాడెవడైనా రోజూ మింగుతున్న దాన్ని అనుమానిస్తాడు. మావాళ్ళు అమ్మను అనుమానించారు. ముసలామె నోరు కట్టుకోలేక చాటుగా తింటోందని తేల్చేశారు. అమ్మ అప్పుడప్పుడు గోలీ వేసుకోవడం మరిచిపోయేది. ఆ మర్నాడు ఒళ్ళు బాగుండేది. “ఇయ్యాల నోరు కట్టుకున్నట్టున్నవ్ అత్తమ్మా, సూడు ఎంత మంచిగున్నవో” అనేది వదిన, మెచ్చుకోలుగా.

వదిన చెడ్డ మనిషి కాదు. చెడ్డదైతే నాకు సుఖంగా ఉండేది, నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని. అమ్మ ఒంటికి కొబ్బరినూనె రాసేది ఆమే, రాత్రి గోకకుండా చేతులు పట్టుకుని పక్కన కూర్చునేదీ ఆమే. ఆ చేతులతోనే కూరగిన్నెలు బీరువా మీదికి ఎక్కించేది. వాకిట్లో నిలబడి పక్కింటామెతో, “మా అత్తమ్మకు జర నాలుక ఆశ ఎక్కువ” అనేది. లోపల మంచం మీద కూర్చున్న అమ్మకు ఆ మాట వినపడుతుందని కూడా ఆమెకు తోచేది కాదు.

నాలుక ఆశ! మా అమ్మకా! కూలికి పోయే ఆడవాళ్ళు గట్టు మీద కందికాయ కనపడితే తెంపి నోట్లో వేసుకుంటారు. అది దొంగతనం అని ఏ రైతూ అనడు. మా అమ్మ ఆ కందికాయ కూడా తెంపేది కాదు. నేను చిన్నప్పుడు ఒకరి చేనులో పెసరకాయ తెంపితే, నన్ను ఆ రైతు ఇంటిదాకా నడిపించి, “నా బిడ్డ అడగకుండ ముట్టింది, తప్పయింది” అని చెప్పించింది. ఆ రైతు పెళ్ళాం నవ్వి నా ఒడినిండా కాయలు పోసింది. దారిలో అమ్మ వాటిని నన్ను తిననిచ్చింది, కానీ ముఖం మాత్రం ఇంటిదాకా గంటు పెట్టుకునే ఉంది. ఆస్తి అంటూ లేని మనిషికి అదొక్కటే ఆస్తి, ఒకరిది ముట్టదన్న పేరు.

ఆ పేరు కాస్తా మా అన్న కూతురి ఓణీల ఫంక్షనులో పోయింది.

ఇంటి ముందు టెంటు వేశారు. చుట్టాలంతా వచ్చారు. ఆ పొద్దున అమ్మ పై పెదవి ఉబ్బి, ఒక కన్ను సగం మూసుకుపోయింది. అమ్మను అందరితో పాటు కూర్చోబెట్టకుండా మూలకు కుర్చీ వేసి, మిరియాల చారన్నం పళ్ళెంలో పెట్టి ఇచ్చారు. పాపం పండుగ పూట అని వదిన మిఠాయి దుకాణం నుంచి వచ్చిన బూందీ లడ్డు ఒకటి చేతిలో పెట్టింది. తీపికి పథ్యం లేదని ఆర్‌ఎంపీ చెప్పాడట. ఆ లడ్డు బంతిపూవంత పసుపుగా ఉంది.

మా మేనమామ ఆమె ముఖం చూసి, “ఏందక్కా గిట్లయినవ్?” అన్నాడు. అమ్మ ఏదో చెప్పబోయింది. అన్న అందుకున్నాడు. “ఏం లేదు మామా, రాత్రి వంటోళ్ళు గుత్తొంకాయ చేసి పెట్టిన్రు. మా అమ్మ ముందే బోణీ కొట్టింది.” టెంటు కింద అందరూ నవ్వారు. మా పెద్దమ్మ, అంటే అమ్మ తోడబుట్టిన అక్కే, అందరికంటే గట్టిగా నవ్వింది. “సిన్నప్పుడు గింత లేకుండె. ముసల్తనంల నోరు లేసింది దీనికి” అన్నది.

“నేను తినలేదురా” అన్నది అమ్మ.

“ఒప్పుకో అమ్మా. ఒప్పుకుంటె ఏం పోతది? తినకపోతె మూతి ఎందుకు వాస్తది? చెప్పు నలుగుర్ల.” అన్న నవ్వుతూనే అన్నాడు. అదొక సరదా ఆయనకు. చుట్టాలు ఇంకా నవ్వుతున్నారు. ఒకావిడ, “అడగనీయి, ఏమంటదో సూద్దాం” అంటోంది. అమ్మ అందరి ముఖాలూ ఒకసారి చూసింది. నేను విస్తరి ముందు నుంచి లేచి ఆమె దగ్గరికి వెళ్ళేలోపే అన్నది.

“తిన్న.”

“మరి గదే!” అని మేనమామ చప్పట్లు కొట్టాడు. ఛీ! ఆ చప్పట్ల చప్పుడు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండిపోతుంది.

అమ్మను పట్టుకుని పెరట్లోకి తీసుకుపోయాను. నీళ్ళ గోలెం పక్కన రాయి మీద కూర్చుని కొంగుతో ముఖం తుడుచుకుంది.

“నిజంగ తిన్నవా?” అన్నాను.

“తినలే బిడ్డా.”

“మరి ఎందుకన్నవ్ తిన్ననని?”

“అంటె ఇగ అడగరు గదా” అన్నది. గోలెంలో చేతులు కడుక్కుంటూ, “రోజూ అంటుంటె నాకే అనుమానమైతాంది. మతి లేక తింటున్ననా ఏంది అని. రాత్రి లేసి పొయ్యికాడికి పోయిననా అని పొద్దుగాల చేతులు వాసన సూసుకుంటున్న” అన్నది.

ఆ మాటకు నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. అంత కోపం నాకు ఏ మనిషి మీదా అంతకుముందు రాలేదు. ఆ సాయంత్రమే అమ్మ చీరలు సంచిలో సర్ది కోదాడ బస్సు ఎక్కించాను. “తీస్కపో, నాల్గు రోజులు సూడు, నీకే తెలుస్తది ముసలామె సంగతి” అన్నాడు అన్న, బస్సు కిటికీ దగ్గర నిలబడి.

కోదాడలో రెండో రోజుకే అమ్మ బీపీ గోలీలు అయిపోయాయి, మిగతా గోలీలు ఆ హడావిడిలో సంచిలో సర్దడమే మరిచాను. పొట్లంలో మిగిలిన ఖాళీ ముక్క మీద మందు పేరు సగమే ఉంది. దాన్నే పట్టుకుని మా సందు మొదట్లో ఉన్న మెడికల్ షాపుకు వెళ్ళాను. అతను ఇటు తిప్పి, అటు తిప్పి, “ఈ కంపెనీది లేదండీ, ఇదే మందు వేరే కంపెనీది ఉంది, ఇయ్యమంటారా?” అన్నాడు. ఇచ్చినవి తెల్లగా ఉన్నాయి. అమ్మ వాటిని చూసి కొంచెం చిన్నబుచ్చుకుంది. ఆమె కూడా ఆ జనంలో మనిషే కదా, రంగు లేని గోలీ మీద ఆమెకూ నమ్మకం తక్కువ.

వారం తిరిగేసరికి దద్దుర్లు పోయాయి. పెదవులు మామూలుగా అయ్యాయి. దురద గోలీ అడగనే లేదు. మా పక్కింటావిడ చూసి ఎంత సంబరపడిందో! “మా కోదాడ నీళ్ళండీ టీచరుగారూ. సాగర్ నీళ్ళు. ఎట్టాంటి రోగమైనా ఇట్టే పోద్ది” అన్నది. మిర్యాలగూడకు వచ్చేవీ అదే సాగర్ ఎడమ కాలువ నీళ్ళు. వాళ్ళు వాడుకోగా మిగిలినవే మా దాకా వస్తాయి. ఆ సంగతి చెబితే ఆవిడ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మా ఆయన మిల్లుల దుమ్ము అన్నాడు. గాలి, నీరు, దుమ్ము, దిష్టి, అన్నీ వీళ్ళకు తడతాయి. రోజూ చేత్తో పట్టుకుని నోట్లో వేసుకునేది మాత్రం తట్టదు.

నాకూ అప్పటికి రంగు సంగతి తెలియదు. కానీ వంకాయ సంగతి తేల్చుకోవాలనుకున్నాను. సంతలో లేత నీలం వంకాయలు తెచ్చి, నువ్వులు, పల్లీలు నూరి, కావాలనే గుత్తొంకాయ కూర చేశాను. అమ్మ పళ్ళెం వెనక్కి నెట్టింది. “వద్దు బిడ్డా, పొద్దుగాల మూతి వాస్తె నీ ముంగట కూడ దొంగనైత” అన్నది.

“నేను పెడ్తున్న. నేను సూస్తున్న. తిను” అన్నాను.

పిల్లలు చేదుమందు మింగినట్టు మొదటి ముద్ద మింగింది. రెండో ముద్దకు కళ్ళు మూసుకుంది. మూడో ముద్దకు, “నూనె ఎక్కువైంది” అన్నది. అప్పుడు నాకు ధైర్యం వచ్చింది. పొద్దున లేచి అద్దం దగ్గరికి పోయి పెదవులు తడుముకుని చూసుకుంది. ఏమీ లేదు. మర్నాడు గోంగూర, ఆ తర్వాత కోడిగుడ్డు, ఆదివారం చేపల పులుసు. ఒక్క దద్దురు లేస్తే ఒట్టు.

ఫోను చేసి అన్నకు చెప్పాను. “అన్నీ తింటున్నది. ఏం కాలే.”

“మందు గట్టిగ పనిచేస్తున్నట్టుంది” అన్నాడు.

“గీడ తెల్ల గోలీలు ఏసుకుంటున్నది.”

“తెల్లయా? మతుండి ఇచ్చినవా? బీపీ పెరిగి పడిపోతె ఎవరు సూస్తరు? ఆగు, నేను పంపిస్త.”

పంపించాడు కూడా. తల్లి మీద ప్రేమ కదా! అటు నుంచి వచ్చే తెలిసినవాళ్ళ చేత ఆర్‌ఎంపీ పొట్లం పంపాడు. నేను బడిలో ఉండగా వచ్చింది. ‘కొడుకు పంపిండు’ అని అమ్మ మర్నాడు పొద్దున తెల్లది పక్కన పెట్టి, పసుపుది వేసుకుంది. అప్పటికి ఆమె తిన్నది ఏమీ లేదు, పాలు లేని టీ తప్ప.

నేను బడికి చీర కట్టుకుంటుండగా వంటింటి గుమ్మం పట్టుకుని నిలబడింది. పెదవులు రెండూ ఉబ్బిపోయాయి. “గొంతు పట్టుకపోతున్నది బిడ్డా” అన్నది. ఆ గొంతు ఆమెది కాదు, ఎవరో గుడ్డ అడ్డం పెట్టుకుని మాట్లాడినట్టుంది. ఆటోలో ఆమెను ఒళ్ళో పడుకోబెట్టుకుని దవాఖానకు పోయేదాకా ఆమె ఊపిరి తీసే చప్పుడు వింటూనే ఉన్నాను. స్ట్రెచర్ మీద పెట్టగానే డ్యూటీ డాక్టరు, మీసాలు కూడా సరిగా రాని అబ్బాయి, వంగి అడిగాడు. “ఏం తిన్నారు పెద్దమ్మా?”

“గోలీ తిన్నది! గోలీ! గోలీ!” అని అరిచాను. వార్డంతా నా వైపు చూసింది. చూస్తే చూడనీ అనుకున్నాను. ఆ అబ్బాయి పాపం బెదిరి, వెంటనే సూదులు వేశాడు. మధ్యాహ్నానికి అమ్మ ఊపిరి కుదుట పడింది.

ఇంటికి వచ్చి రెండు గోలీలూ బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాను. అన్న పంపిన పొట్లంలోని ముక్కలు చూపించి, మెడికల్ షాపతని చేత పసుపు గోలీది, దురద గోలీది పూర్తి అట్టలు తెప్పించాను. మందు అదే, మోతాదూ అదే. పసుపుదాని అట్ట వెనకాల చీమ కాళ్ళంత అక్షరాలతో వాడిన రంగు పేరు ఉంది, టార్ట్రజిన్ అని. తెల్లదాని మీద ఆ మాట లేదు. దురద గోలీ అట్ట మీద కూడా ఉంది! దద్దుర్లు తెప్పించిన రంగునే దద్దుర్లు తగ్గడానికి కూడా ఎనిమిది నెలలు మింగించారన్నమాట. ఎంత గొప్ప వైద్యం!

అట్టలు మూడూ సంచిలో వేసుకుని, అమ్మను తీసుకుని సూర్యాపేట డాక్టరు దగ్గరికే పోయాను. కావాలనే ఆయన దగ్గరికే పోయాను. నేను చెప్పడం మొదలుపెట్టగానే చిరునవ్వు నవ్వాడు. “ఏం చేస్తుంటారమ్మా?” అన్నాడు.

“తెలుగు టీచరును.”

“గూగుల్ చూసినట్టున్నారు.”

“గూగుల్ చూడలేదు సార్, మా అమ్మ మూతి చూశాను” అన్నాను.

నవ్వు ఆగింది. అట్టలు తీసుకుని, అద్దాలు పైకి జరిపి, వెలుతురులో పెట్టి చదివాడు. “ఆఁ, ఇది ఉంటుంది కొంతమందికి. తక్కువమందికే అనుకోండి. మందు పడుతుంది, రంగు పడదు. రంగు లేనివి రాసిస్తాను. రంగు మిఠాయిలు, రంగు సిరప్పులు కూడా చూసుకోండి” అన్నాడు. అయిపోయింది. కాఫీలో చక్కెర తగ్గించమన్నంత తేలిగ్గా చెప్పేశాడు.

“మొన్న వచ్చినప్పుడు ఈ మాట ఎందుకు చెప్పలేదు సార్?”

“అప్పుడు మీవాళ్ళు వంకాయ అన్నారు కదమ్మా” అన్నాడు, మా మీదే కొంచెం నొచ్చుకుని. నెక్స్ట్ అని బెల్లు కొట్టాడు.

మందు సంగతి అక్కడితో తేలింది. కానీ నాకు కావలసింది అది ఒక్కటే కాదు. ఆ టెంటు కింద తిన్నానని అనిపించినవాళ్ళ చేతనే, ఆమె తినలేదని అనిపించాలి. ఆదివారం మేనమామను, పెద్దమ్మను అన్న ఇంటికి రమ్మన్నాను. ఎందుకో చెప్పలేదు, చెబితే రారు. అమ్మను తీసుకుని నేనూ వెళ్ళాను. దారిలో ఆర్‌ఎంపీ కనపడితే ఆగి, అట్టలు చూపించాను. “నేను మొదటి నుంచి గదే డౌటు పడ్డ టీచరమ్మా” అన్నాడు, కళ్ళల్లోకి చూసి మరీ. ఇటువంటి మనిషిని ఏమని తిట్టాలో ఇరవై ఏళ్ళు తెలుగు చెప్పినా నాకు తట్టలేదు.

భోజనాలకు అందరూ చాప మీద కూర్చున్నాక, అట్టలు మధ్యలో పెట్టి మొత్తం చెప్పాను. కోదాడలో ఏమేం తిన్నదో, ఏమీ కాకపోవడం, పసుపు గోలీ వేసుకున్న పొద్దున ఊపిరి ఆడకపోవడం, డాక్టరు అన్న మాట, అన్నీ. వదిన నోటి మీద చెయ్యి పెట్టుకుని, “అయ్యో, నా చేత్తోనే ఇచ్చిన గదా రోజూ” అని ఏడ్చేసింది. ఆ ఇంట్లో సిగ్గూ శరం ఉన్నది ఆమె ఒక్కతికే అని ఆ రోజు తెలిసింది.

మేనమామ అన్నం కలుపుకుంటూ, “గింత గోలికి గంత కథనా?” అన్నాడు. పెద్దమ్మ వినపడనట్టు పచ్చడి అడిగింది. అన్న అట్ట ఒకటి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు.

“సరె తియ్యి. ఇప్పుడైతె తగ్గింది గదా. తెల్లయి తెప్పిస్త” అన్నాడు.

“తెప్పియ్యి. గంతకుముందు గీళ్ళ ముంగట ఒక్క మాట అను. అమ్మ తినలేదు అను” అన్నాను.

“ఇప్పుడు గదంత ఎందుకు చెల్లె?”

“ఆనాడు అందరి ముంగట ఎందుకు? ఒప్పుకో ఒప్పుకో అని ఎందుకు మీద పడ్డవ్? దొంగతనం అంటగట్టినప్పుడు నోరు మంచిగ లేచింది గదా. ఇప్పుడు లేస్తలేదా?”

అన్న ముఖం పాలిపోయింది. ముద్ద చేతిలోనే ఉంది. ఎవరూ తినడం లేదు. మేనమామ గోడ మీది క్యాలెండరు చూస్తున్నాడు. ఒక్క క్షణం, నిజంగా ఒక్క క్షణం, అన్న నోరు తెరవబోయాడని నాకు అనిపించింది.

“ఊకో బిడ్డా” అన్నది అమ్మ.

“నువ్వు ఆగమ్మా.”

“వాన్ని నలుగుర్ల గట్ల నిలబెట్టకు. వాడేం చేసిండు?” అన్నది. తర్వాత మేనమామ వైపు, పెద్దమ్మ వైపు తిరిగి, స్థిరంగా, ఎక్కడా తడబడకుండా చెప్పింది. “తిన్న. నేనే తిన్న ఆనాడు. ఆశ పడి రెండు కాయలు తిన్న.”

అబద్ధం రాని మా అమ్మ అంత చక్కగా అబద్ధం ఆడుతుందని నాకు తెలియదు.

“అమ్మా!” అన్నాను. ఆమె నా వైపు చూడలేదు.

“మరి గిప్పుడేమంటవ్?” అన్నాడు అన్న నాతో. ముఖంలోకి మళ్ళీ రంగు వచ్చింది. ముద్ద నోట్లో పెట్టుకుని నమిలాడు. “అమ్మే అంటున్నది గదా.”

అమ్మ గిన్నె దగ్గరికి జరుపుకుని, అతని పళ్ళెంలో ఇంకో గరిటె అన్నం వడ్డించింది.